గురుద్వారా హుండీ: లెక్క అడిగే నీతి

ఇచ్చిన డబ్బుకు లెక్క అడగటం తప్పా? దానం చేసినవాడు ఆ దానం ఏమైందని ఆరా తీస్తే అతని పుణ్యం తరిగిపోతుందని మన పెద్దలు అంటారు. దేవుడి సొమ్ము లెక్క దేవుడే చూసుకుంటాడని కూడా అంటారు. నిరుడు నాందేడు గురుద్వారాకు వెళ్ళినప్పుడు నా వెంట వచ్చిన విద్యార్థి ఒకడు ఇదే మాటను ఇంకో రకంగా అన్నాడు. అతను ఏ దేవుణ్ణీ నమ్మనని చెప్పుకునే కుర్రవాడు. "వేసేవాళ్ళు వేస్తారు, తినేవాళ్ళు తింటారు. మధ్య మనకెందుకు సార్?" అన్నాడు. దేవుణ్ణి నమ్మే వృద్ధుడూ, నమ్మని యువకుడూ చివరికి ఒకే చోటికి చేరటం నాకు వింతగా తోచింది. ఇద్దరూ హుండీ తాళాన్ని, అది ఎవరి చేతిలో ఉన్నదో వారికే వదిలిపెట్టారు. ఆనాడు అతనికి సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఆ లోటు ఇప్పుడు తీర్చుకోవాలని నా ప్రయత్నం.

నాందేడు మనకు దూరం కాదు. గోదావరి ఆ ఊరి మీదుగానే మన బాసరకు వస్తుంది. గురు గోవింద్ సింగ్ 1708లో అక్కడే కన్నుమూశాడు. మహారాజా రంజిత్ సింగ్ 1830ల్లో అక్కడ గుడి కట్టించాడు. 1956 దాకా ఆ ఊరు హైదరాబాదు రాష్ట్రంలోనిది. ఆ గురుద్వారా పాలనకు సంబంధించిన చట్టం కూడా ఆ ఏడు హైదరాబాదు శాసనసభ చేసినదే.

మేము చెప్పులు విడిచి, తలకు గుడ్డ కట్టుకుని, లంగరులో నేలమీద కూర్చున్నాము. నా పక్కన ఒక లారీ డ్రైవరు, అతని పక్కన పెద్ద వ్యాపారిలా కనిపించే మనిషి. రొట్టెలు వడ్డించే వృద్ధుడు వచ్చినప్పుడు నేను అలవాటు కొద్దీ ఒక చెయ్యి చాపాను. ఆయన రొట్టె ఇవ్వకుండా నిలబడి, రెండో చెయ్యి కూడా పట్టమన్నట్లు చూశాడు. రెండు చేతులూ కలిపి పట్టాను. ఒక క్షణం చిన్నతనమనిపించింది. కాని ఆ వ్యాపారి చేత కూడా ఆయన రెండు చేతులూ పట్టించాడు. దానితో నా చిన్నతనం పోయింది. ఏ మర్యాదనయినా రెండు ప్రశ్నలతో పరీక్షించవచ్చునని అప్పుడు తోచింది. అది అందరినీ ఒకే విధంగా అడుగుతున్నదా? దాన్ని పాటించలేనివాణ్ణి ఏం చేస్తున్నది?

సిక్కుల పంగత్ మన పంక్తే. ఈ మాటకు మన దేశంలో మంచి చరిత్ర లేదు. ఎవరి పంక్తి వారిది. కులంనుంచి వెలివేసినవాణ్ణి పంక్తిబాహ్యుడన్నాము. ఆ మాట ఇప్పటికీ మన నిఘంటువుల్లో ఉన్నది. సిక్కు గురువులు ఆ పంక్తిని తీసుకుని దాని అర్థం తలకిందులు చేశారు. ఎవరైనా సరే, గురువును చూడవస్తే ముందు అందరితో కలిసి పంక్తిలో కూర్చుని తినాలి అన్నది మూడవ గురువు అమర్ దాస్ కాలంలో నియమంగా స్థిరపడింది. నేలమీద కూర్చోవటంలో పవిత్రత ఏదో ఉన్నదని కాదు. పీటలు వేస్తే ఎవరి పీట ఎత్తు అనే ప్రశ్న వస్తుంది. నేలమీద ఆ ప్రశ్న రాదు.

అయితే ఇంతమందికి అన్నం పెట్టాలంటే డబ్బు కావాలి. రాబడిలో పదవవంతు ఇవ్వాలన్న దస్వంధ్ నియమం అందుకే వచ్చింది. దాన్ని ఊరూరా వసూలు చేసి గురువుకు చేర్చటానికి మసందులనే ప్రతినిధులు ఏర్పడ్డారు. కొన్ని తరాలు గడిచేసరికి మసందు పదవి తండ్రి నుంచి కొడుక్కు వచ్చే ఆస్తి అయింది. గురువు పేర వచ్చిన డబ్బు దారిలోనే కరిగిపోసాగింది. పదిహేడవ శతాబ్దం ముగిసేనాటికి గురు గోవింద్ సింగ్ ఆ వ్యవస్థనే రద్దు చేశాడు. కానుకలు మధ్యవర్తి లేకుండా నేరుగా తెమ్మని ఆజ్ఞాపించాడు. కాబట్టి హుండీ లెక్క అడగటం నాస్తికుల దుర్బుద్ధి అనేవారు ఒక విషయం గమనించాలి. సిక్కు చరిత్రలో ఆ లెక్క గట్టిగా అడిగినవాడు పదవ గురువు.

పద్ధెనిమిదవ శతాబ్దంలో సిక్కులు తరుముబడి అడవుల్లో తలదాచుకున్నప్పుడు వారి గుళ్ళను చాలాచోట్ల కాపాడినవారు ఉదాసీ సాధువులు. ఆ మేలు మరవరాదు. కాని తర్వాత సిక్కు సర్దారులూ, రంజిత్ సింగూ గుళ్ళకు భూములిచ్చారు. బ్రిటిషువారి కాలంలో ఆ భూములు చాలాచోట్ల మహంతుల సొంత పేర రికార్డులకెక్కాయి. ఆ తర్వాత కాలువలు వచ్చాయి, బీడు మాగాణి అయింది. మహంతు మనసు ఎట్లా మారిందో తెలుసుకోవటానికి మతగ్రంథాలు తిరగెయ్యనక్కరలేదు, శిస్తు లెక్కలు చూస్తే చాలు. అమృత్‌సర్ స్వర్ణదేవాలయానికి అధికారిని సర్కారే నియమించేది. జలియన్‌వాలా బాగ్ హత్యాకాండ జరిపించిన డయ్యరుకు 1919లో ఆ గుడిలోనే గౌరవ వస్త్రం ఇచ్చారంటే, ఆ గుడి ఎవరి గుప్పిట్లో ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు.

1920 అక్టోబరులో, అంటరానివారని పేరుపడిన కులాల నుంచి సిక్కులైన కొందరు స్వర్ణదేవాలయానికి ప్రసాదం పట్టుకుని వచ్చారు. అక్కడి పూజారులు దాన్ని స్వీకరించమన్నారు. వాదం పెరిగి, చివరికి గురు గ్రంథ్ సాహిబ్‌ను తెరిచి, వచ్చిన పుటను బట్టి నిర్ణయిద్దామన్నారు. వచ్చిన పుట ఆ పేదలకే అనుకూలంగా పలికింది. ఆ తర్వాత ఎదుటనున్న అకాల్ తఖ్త్‌ను పూజారులు విడిచిపోయారు. కొద్ది వారాలకే, నవంబరులో, శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ పుట్టింది. గుడి ఆస్తిని ప్రజల చేతికి తెచ్చిన ఉద్యమానికి ఆరంభంలో నిలిచినది ఒక పళ్ళెం ప్రసాదం, అది ఎవరి చేతినుంచి పుచ్చుకోవచ్చుననే తగాదా. మర్యాద ప్రశ్నా, డబ్బు ప్రశ్నా వేరు వేరనుకునేవారికి ఈ ఒక్క సంఘటన చాలు.

తర్వాత ఐదేళ్ళు జరిగింది మామూలు పోరాటం కాదు. 1921 ఫిబ్రవరి 20న నన్‌కానా సాహిబ్‌లో మహంతు నారాయణ్ దాస్ కిరాయి మనుషులు నూటికి పైగా అకాలీలను చంపారు. ఆ ఏడు నవంబరులో స్వర్ణదేవాలయ ఖజానా తాళపుచెవులను సర్కారు లాక్కున్నది. ఆందోళన సాగి, జైళ్ళు నిండాక, 1922 జనవరిలో వాటిని బాబా ఖరక్ సింగ్‌కు అప్పగించింది. ఆ ఆగస్టులో గురు కా బాగ్ అనే చోట లంగరు పొయ్యిలోకి గుడి భూమిలో కట్టెలు కొట్టుకున్నందుకు అకాలీలను దొంగలని అరెస్టు చేశారు. భూమి మహంతుదట! రోజూ ఒక జట్టు అక్కడికి వెళ్ళటం, చెయ్యెత్తకుండా లాఠీ దెబ్బలు తిని పడిపోవటం. ఆ దృశ్యం చూసి సి.ఎఫ్. ఆండ్రూస్ చలించిపోయాడు. పేదల అన్నానికి దేవుడి కట్టె కొట్టటం దొంగతనమా, లేక దేవుడి భూమిని తన పేర రాయించుకోవటం దొంగతనమా? ఆనాటి పంజాబు రైతు ఈ నీతి ప్రశ్నకు తన ఒంటిమీద దెబ్బలతో సమాధానం చెప్పాడు.

ఫలితంగా 1925లో గురుద్వారాల చట్టం వచ్చింది. గుళ్ళ పాలన ఎన్నికైన కమిటీ చేతికి వచ్చింది. స్త్రీలకు కూడా ఓటు దక్కింది. మన తిరుమలలోనూ 1843 నుంచి 1933 దాకా మహంతుల పాలనే. వారు పోయాక అక్కడికి సర్కారు వేసిన కమిటీ వచ్చింది. పంజాబులో ఓటరు వచ్చాడు. ఈ తేడా చిన్నది కాదు.

కథ ఇక్కడ ఆపితే అది స్తోత్రమవుతుంది, విమర్శ కాదు. ఓటు పెట్టి సంపాదించిన హక్కును ఓటు లేకుండానే పోగొట్టుకోవచ్చు. ఆ కమిటీ వార్షిక బడ్జెట్టు ఇటీవలి సంవత్సరాల్లో వెయ్యి కోట్ల రూపాయలు దాటింది. కాని 2011లో ఎన్నికలు జరిగిన తర్వాత పదేళ్ళు దాటినా మళ్ళీ జరగలేదు. కేశాలు పెంచని సహజధారీ సిక్కుల ఓటును 2016లో చట్టం సవరించి తీసివేశారు. స్వర్ణదేవాలయంలో కీర్తన పాడే అవకాశం స్త్రీలకు ఇవ్వాలని 2019లో పంజాబు శాసనసభే తీర్మానించవలసి వచ్చింది. 1925లో ఓటుకు పనికివచ్చిన స్త్రీ పాటకు పనికిరాలేదు.

పల్లెల్లో ఇంకా కఠినమైన నిజాలున్నాయి. పంజాబు గ్రామాల్లో దళితులకు వేరే గురుద్వారాలుండటం అందరెరిగినదే. జలంధర్ జిల్లా తల్హన్ గ్రామంలో ఒక సమాధి మందిరానికి ఏటా కోట్ల రూపాయల కానుకలు వస్తాయి. దాని కమిటీలో తమకూ చోటు కావాలని దళితులు అడిగారు. భూస్వామ్య కులాలవారు వారిని సాంఘికంగా బహిష్కరించారు. 2003 జూన్‌లో ఘర్షణలు జరిగాయి. ఆ తర్వాతే రాజీ కుదిరి దళితులకు చోటు దొరికింది. అంతకుముందు దళితులు హుండీలో డబ్బు వెయ్యటానికి ఎవరూ అడ్డుచెప్పలేదు. హుండీ విప్పేటప్పుడు పక్కన కూర్చుంటామంటేనే మర్యాద చెడింది!

కెనడా సంగతి ఇంకా విచారకరం. అక్కడి గురుద్వారాల్లో ఎన్నో ఏళ్ళుగా బల్లలూ కుర్చీలూ వేసుకుని లంగరు తినే అలవాటుండేది. అది పంగత్‌కు విరుద్ధమని ఒక వర్గం, ముసలివాళ్ళకు మోకాళ్ళు వంగవని ఇంకో వర్గం. 1997 జనవరిలో సర్రే పట్టణపు గురుద్వారాలో దీనిమీద కొట్లాట జరిగింది. 1998లో అకాల్ తఖ్త్ జతేదారు నేలమీద కూర్చునే తినాలని ఆజ్ఞ ఇచ్చి, కాదన్న ఆరుగురిని వెలివేశాడు. ఆ ఆరుగురిలో తారాసింగ్ హేయర్ అనే పత్రికా సంపాదకుడొకడు. అతనిమీద అంతకు పదేళ్ళ క్రితం కాల్పులు జరిగి కాళ్ళు పడిపోయాయి. అప్పటినుంచి చక్రాల కుర్చీలోనే ఉంటున్నాడు. ఆ నవంబరులో అతన్ని ఎవరో కాల్చి చంపారు. ఈ బల్లల తగాదాయే అందుకు కారణమని నేననను. అతనికి శత్రువులను తెచ్చిపెట్టిన రాతలు వేరే చాలా ఉన్నాయి. కాని నేలమీద కూర్చోలేని మనిషిని కుర్చీల కారణంగా వెలివేయటం మాత్రం జరిగింది. ఎవరూ పంక్తిబాహ్యుడు కాకూడదని పుట్టిన నియమం, మళ్ళీ పంక్తిబాహ్యుణ్ణి తయారుచేసింది. నేను మొదట చెప్పిన రెండో ప్రశ్న ఇక్కడ వర్తిస్తుంది. కుర్చీల వెనుక కమిటీల పెత్తనం కోసం, ఆ పెత్తనంతో వచ్చే రాబడి కోసం పోటీ ఉన్నదన్న సంగతి కూడా మరవకూడదు. హుండీ గురించి బాహాటంగా పోట్లాడుకోవటం సిగ్గనిపించినప్పుడు మనుషులు ఆచారం గురించి పోట్లాడుకుంటారు.

అయితే సర్కారుకు అప్పగిస్తే సరిపోతుందా? నాందేడు గురుద్వారా బోర్డులో తాను నియమించే సభ్యుల సంఖ్యను పెంచాలని 2024లో మహారాష్ట్ర ప్రభుత్వం తలపెట్టినప్పుడు సిక్కులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వారి భయం న్యాయమైనదే. 1921లో తాళపుచెవులు లాక్కున్నది కూడా సర్కారే. మహంతు చేతి తాళం మంత్రి చేతికి మారితే లంగరులో కూర్చునేవాడికి ఒరిగేది లేదు. లెక్క అడిగే హక్కు ఎన్నికల ద్వారా, బహిరంగ సభ ద్వారా, డబ్బు వేసినవాడి చేతిలోనూ తిన్నవాడి చేతిలోనూ ఉండాలి.

ఇక "మనకెందుకు" అన్న ప్రశ్న. మనవాళ్ళలో కొందరు ఇంకా ముందుకుపోయి, అన్నదానం ఆకలికి మందు కాదు, పోరాటానికి మత్తు అంటారు. అన్నదానంతో దోపిడీ పోదు, నిజమే. కాని 2020-21లో ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా కూర్చున్నప్పుడు వారిని నిలబెట్టినవాటిలో లంగరు పొయ్యిలు కూడా ఉన్నాయి. పొయ్యి పోరాటాన్ని పోషించగలదు, చల్లార్చగలదు. అది ఎవరి అదుపులో ఉన్నదన్నదే ప్రశ్న. పైగా హుండీలో డబ్బు ఆకాశం నుంచి రాలలేదు. అది లారీ డ్రైవరు రాత్రి మేలుకుని సంపాదించినది, రైతు పంట అమ్మగా వచ్చినది. కూలి ఎగవేసినవాణ్ణి నిలదీసే మనం, అదే కూలి హుండీలో పడగానే చూపు తిప్పుకోవటం ఏ సిద్ధాంతమూ కాదు, బద్ధకం. ఆకలిగొన్న పేదవాడి నోరే గురువు హుండీ అని సిక్కు పెద్దలు చెబుతూ వచ్చారు. దేవుణ్ణి నమ్మనివాడు కూడా ఈ కొలతతో ఏ హుండీనైనా కొలవవచ్చు.

చివరగా నా సంగతి ఒకటి చెప్పాలి. విద్యార్థిగా ఉన్నప్పుడు వరద బాధితుల కోసం డబ్బా పట్టుకుని మిత్రులతో బజారంతా తిరిగాను. కూరగాయలమ్మే ముసలమ్మ కూడా కొంగుముడి విప్పి రెండు రూపాయలు వేసింది. ఆ డబ్బాలు ఎవరు విప్పారో, ఎంత వచ్చిందో, ఎక్కడికి చేరిందో మా సంఘంలో ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే ఉద్యమాన్నే శంకించినట్లవుతుందని భయపడ్డాను. మహంతును లెక్క అడగని భక్తుడి మనసులో ఉన్నదీ ఈ భయమే. మన చందా పుస్తకాలు తెరిచి చూపించకుండా గుళ్ళ గురించి వ్యాసాలు రాయటం మనకు తగదు.

నాందేడులో ఆ విద్యార్థి బయటికి వస్తూ హుండీలో పది రూపాయలు వేశాడు. నేను చూశానని గ్రహించి, "తిన్నాం కదా సార్" అని నవ్వాడు. నిజమే, తిన్నాడు గనుక వేశాడు. ఇక ఆ పది రూపాయలు ఏమైనాయని అడగటం కూడా అతను నేర్చుకోవాలి. నేను కూడా నేర్చుకోవాలి.