తేలికైన తీపి

బరువు తగ్గించుకొమ్మని డాక్టరు చెప్పిన తరువాత ఐస్‌క్రీమ్ తినవచ్చునా? మేమును ఈ శోధనలో ఉన్నవారమే. గత వేసవిలో కొవ్వు తక్కువ రకము తెచ్చుకొని, తేలికైనదే గదా అని రెండవ కప్పు కూడ తిన్నాము. "తాతయ్యా, మామూలుది ఒక్కటి తింటే సరిపోయేది గదా!" అని మా మనుమరాలు నవ్వినది. ఆ మాట మాకు గుచ్చుకొన్నది.

పేరు చూచి మోసపోరాదు. మన దేశ నిబంధనల ప్రకారము మామూలు ఐస్‌క్రీమ్‌లో పాలకొవ్వు కనీసము 10 శాతము ఉండవలెను. కొవ్వు తక్కువ రకములో అది 2.5 శాతము మించరాదు. అయితే కొవ్వు తగ్గినంత మాత్రమున చక్కెర తగ్గదు. ఫ్రోజెన్ డెజర్టులో పాలకొవ్వునకు బదులు పామాయిల్ వంటి నూనె ఉండును. ఏ కొవ్వైనను గ్రాముకు 9 కేలరీలే. పుచ్చకాయలోనైతే 100 గ్రాములకు సుమారు 30 కేలరీలే. దాని రసమును చక్కెర వేయక, పుల్ల గుచ్చి గడ్డకట్టించిన, పిల్లలును ఇష్టముగా తిందురు.

అయినను అసలు ప్రశ్న కప్పులో లేదు, మనలోనే ఉన్నది. తీపిని ఆనందించుట తప్పు కాదు. ఆశకు "తేలిక" అని మారుపేరు పెట్టి, దాని చాటున రెండింతలు తినుటయే తప్పు. అట్టివాడు డాక్టరును కాదు, తన్ను తానే మోసగించుకొనును. ఆశానిగ్రహమనగా వేరొక వస్తువును వెదకుట కాదు, చాలునని చెప్పగలుగుట.

ఇప్పుడు మేము మామూలు కప్పు ఒక్కటే కొని, మనుమరాలితో చెరిసగము పంచుకొనుచున్నాము. చెంచా క్రింద పెట్టుట మాత్రము ఇంకను నేర్చుకొనుచునే ఉన్నాము.