కట్లు విప్పువారెవరు?

ధ్యానభాగము: యోహాను 11:38–44



ఒక తల్లి పదునాలుగేండ్ల కుమారుని మాయొద్దకు తీసికొని వచ్చెను. వాడు పట్టణములో సైకిలు దుకాణమున పనికి కుదిరి, పంక్చరు వేయు సొల్యూషనును గుడ్డలో పిండి పీల్చుట మరిగెను. మాతో మోకరించి, ఇక మానుదునని కన్నీటితో ప్రభువునకు మాట యిచ్చెను. అయిదవనాడు మరల పీల్చెను. “నీ మారుమనస్సు వట్టిది” అని మేము గద్దించితిమి. అది న్యాయమైన మాటయేనా?

అట్టి జిగురులలోను, థిన్నరులోను టోలుయిన్ వంటి ద్రావకములుండును. వాటి ఆవిరి క్షణములలో మెదడునకెక్కును. మత్తు కొద్ది నిమిషములే గనుక మరల మరల పీల్తురు. ఆకలి తెలియకుండుటకు పీల్చు బిడ్డలును కలరు. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రచురించిన సర్వేలో, ఇట్టి మత్తు పీల్చువారు పెద్దలలో పదివేలకు 58 మంది కాగా, 10 మొదలు 17 ఏండ్ల పిల్లలలో 117 మంది. పెద్దలకంటె పిల్లలనే ఎక్కువగా పట్టినది ఇదియొక్కటే.

మానినప్పుడు నిద్ర పట్టదు; చెమటలు, వికారము, చేతుల వణుకు, చిరాకు కలుగును. కొందరికి దినములు, కొందరికి వారములు. ఆశ అంతకంటె ఎక్కువ కాలము పీడించును. ఆ వణుకు అవిశ్వాసము కాదు. దేహము తన బంధకములతో పెనుగులాడుట. అట్లని తప్పు లేదనము. వాని తప్పు వానిదే. కాని వానిని ఒంటరిగా విడిచిన తప్పు మనది.

లాజరును చూడుడి. ప్రభువు ఒక్క మాటతో జీవమిచ్చెను. అయినను అతడు ప్రేతవస్త్రములతోనే వెలుపలికి వచ్చెను. ఆ కట్లు విప్పు పని ప్రభువు చుట్టునున్నవారికి అప్పగించెను. కట్లున్నవని లాజరు బ్రదుకలేదందుమా?

గనుక పీల్చుచున్న బిడ్డను కేకలువేసి తరుమకుడి. హఠాత్తుగా భయపడిన గుండె లయ తప్పి ఆగిపోవచ్చును. మెల్లగా గాలి తగులుచోటికి తీసికొనిపోవుడి. వైద్యునికి చూపుడి, 14446 అను ప్రభుత్వ ఉచిత ఫోనులో సలహా దొరకును. ఆ దుకాణము మాన్పించి, వేరు పని చూపుడి. కడుపునిండ అన్నము పెట్టి, నిద్రలేని రాత్రులలో ప్రక్కన కూర్చుండుడి. మరల పడినయెడల మరల లేపుడి.

మేము ఆ బాలుని యింటికి పోయి, మా మాటకై క్షమాపణ వేడితిమి. వాడేమియు పలుకక, మాకు కూర్చుండ చాప పరచెను. ఆ రాత్రి అక్కడనే యుంటిమి.

కట్లు విప్పు ఓర్పును ప్రభువు మన సంఘములకు దయచేయును గాక. ఆమేన్.