ఏ రోజు పువ్వు ఆ రోజే

చదవండి: నిర్గమకాండము 16:13–31

క్రిస్మస్ దాటి సంక్రాంతి దగ్గర పడేవేళ కోయిలకుంట్ల మీదుగా జమ్మలమడుగు వైపు బస్సులో వెళ్తుంటే, నల్లరేగడిలో అక్కడక్కడా ధనియాల చేలు తెల్లగా పూతమీద కనిపిస్తాయి. బోరు లేదు, కాలవ లేదు. ధనియాలను రెండు బద్దలుగా నలిపి విత్తడం వరకే రైతు పని. ఆపైన నేలలో దాగిన పదును, తెల్లారగట్ల కురిసే మంచు.

ఆ పూగుత్తిని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? చిన్న గొడుగులా ఉంటుంది. దాని పుల్లల చివర మళ్లీ బుల్లి గొడుగులు. పూలన్నీ ఒక్కసారే విచ్చుకోవు. అంచున ఉన్నవి ముందు, నడుమవి తర్వాత. ఒక్క పువ్వులోనూ తొందర లేదు: మొదట అయిదు కేసరాలు పుప్పొడి రాలుస్తాయి, అది అయ్యాకే రెండు కీలాలు ఎదిగి పుప్పొడికి సిద్ధమవుతాయి. నడికొమ్మ గొడుగు ముందు పూస్తే పక్క కొమ్మలవి వెనకాల వస్తాయి. అందుకే ఒకే మొక్క మీద గింజా, పువ్వూ, మొగ్గా కలిసి కనబడతాయి.

నడిమి మొగ్గ ఇంకా విచ్చలేదని ఏ రైతూ చేను దున్నేయడు కదా! మరి రాత్రి రెండింటికి లేచి కూర్చుని, మార్చిలో కట్టాల్సిన ఫీజునూ, ఉగాదికి తీర్చాల్సిన వడ్డీనీ ఇప్పుడే మోస్తున్నారెందుకు?

ఎడారిలో దేవుడు ఇశ్రాయేలీయులకు తిండిగా ఇచ్చిన మన్నాను బైబిలు దేనితో పోల్చిందో గుర్తుందా? కొత్తిమీర గింజతోనే. అదీ మంచుతోపాటే వచ్చింది. ఏ రోజుకు కావలసింది ఆ రోజే ఏరుకోవాలి, రేపటికని దాస్తే పురుగు పట్టింది. విశ్రాంతి దినానికి మాత్రం ముందురోజే రెండింతలు దొరికింది. అలసిన వాళ్ల సంగతి ఆయనకు ముందే తెలుసు. మీ సంగతీ తెలుసు.

గుత్తి నడుమ పూలు కొన్ని గింజ కట్టవు, నిజమే. ఊరికే పుప్పొడి ఇచ్చి రాలిపోతాయి. మనం పెట్టుకున్న ఆశలూ కొన్ని అలాగే రాలాయి, నావీ రాలాయి. కానీ ఆ పుప్పొడి అంచు పూలకు అక్కరకొస్తుంది. రాలినవాటిని కూడా ఆయన వృథా పోనివ్వడని నమ్మడం నాకూ తేలికేమీ కాదు. అయినా నమ్ముతున్నాను.

ఈ రాత్రికి నా అప్పుల లెక్క కాగితం మడిచి బైబిల్లో పెట్టేస్తున్నాను. మీరూ మీ కాగితం మడవండి. మడిచే ముందు, తెల్లారితే చేయాల్సిన పని ఒక్కటే దాని పైన రాసుకోండి. నాది ఇదీ: అమ్మకు బీపీ మాత్రలు తేవాలి.