పాత కలప, కొత్త గది: ద్రవ్యశుద్ధి విచారం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్లలో పెంకుటిళ్లను విప్పి మిద్దెలు కట్టేటప్పుడు మిగిలే తలుపులను, దూలాలను, పాత బీరువాలను కొని, బాగుచేయించిన నడిమింట్లో అమర్చుకునే గృహస్థుకు, పూర్వ యజమాని దోషం వాటి వెంట వస్తుందా అనే ధర్మసందేహం కలుగుతుంది. పాత కలపను కొత్త కట్టడంలో కలపరాదన్నది వాస్తును నమ్మేవారిలో బలంగా ఉన్న అభిప్రాయం. ధర్మశాస్త్రాలు మాత్రం ద్రవ్యశుద్ధి, అనగా మలినపడిన వస్తువును తిరిగి వాడుకకు యోగ్యం చేసే విధానం, అనే ప్రకరణంలో దీనికి మార్గం చూపాయి: మనుస్మృతి 5వ అధ్యాయం లోహానికి, వస్త్రానికి, మట్టిపాత్రకు వేర్వేరు శుద్ధులు చెబుతూ, కొయ్యకు తక్షణాన్ని, అంటే పైపొరను చెక్కివేయడాన్ని, విధించింది. వడ్రంగి చిత్రిక పట్టడమే ఇక్కడ శుద్ధికర్మ గనుక, మాలిన్యం కొయ్య ఉపరితలానికే పరిమితమని ఆ విధి సూచిస్తుంది.

1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి బోధనను ఇక్కడికి అన్వయిస్తే, గతాన్ని మోసేది మనసులో పోగుపడిన జ్ఞాపకమే కాబట్టి, శుద్ధి జరగవలసిన చోటు కూడా మనసే అవుతుంది. అయితే చిత్రికకు గాని, ఆత్మపరిశీలనకు గాని లొంగని దోషం ఒకటుంది: అమ్మినవాని కష్టకాలాన్ని అదనుగా తీసుకొని వస్తువును కారుచౌకగా కాజేస్తే, అది అస్తేయానికి, అంటే పరుల సొత్తును అన్యాయంగా గ్రహించరాదన్న నియమానికి, భంగమే, న్యాయమైన వెల చెల్లించడమే దానికి శుద్ధి.