అద్దకానికి ఆత్మ ఉందా?

పెద్ద కంపెనీలతో చేయి కలిపితే బందరు కలంకారీ కళ తప్పుతుందని మా వీధిలో ఒకటే వాదన. కళ తప్పాలంటే ముందు అది గుడ్డలోనే పుట్టి ఉండాలి కదా! మన అద్దకంలోని సైప్రస్ చెట్టు, మసీదు కమానులాంటి మెహరాబు పర్షియా వాళ్ల కోరికలు. 17వ శతాబ్దంలో డచ్చి, ఇంగ్లీషు వర్తకులు తమ దేశాల ఇష్టానికి తగ్గట్టు వేయించుకున్నారు. ఒంటరి బందరు గుడ్డ ఎన్నడుంది?

దివిసీమలో ఘంటసాల బౌద్ధ స్తూపం చూసినప్పుడల్లా నాకు బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు గుర్తొస్తాడు. (నేను బౌద్ధుణ్ణి కాను, శనివారం వెంకన్నకు దీపం పెట్టేవాణ్ణే.) దేనికీ తనదైన స్వభావం లేదు, అన్నీ కారణాల కూడిక అన్నాడాయన. అద్దకమూ అంతే. కరక్కాయ, గేదెపాలల్లో నానిన గుడ్డ, ఇనుప తుప్పూ బెల్లమూ ఊరబెట్టిన నలుపు, పటిక తాకిన చోటే పట్టుకునే ఎరుపు, టేకు అచ్చు, పారే కాలువ, ఎండ, కొనేవాడు. బందరు పక్క పెడనలో ఇవన్నీ కలిసినప్పుడే కలంకారీ.

కాబట్టి కొనేవాడు మారితే గుడ్డ చెడదు. తక్కిన కారణాలు తీసేస్తే చెడుతుంది. 2021లో డిజైనర్ సబ్యసాచి, బట్టల కంపెనీ హెచ్ అండ్ ఎం కలిసి రాజస్థాన్ సంగనేరీ అద్దకం ఛాయలున్న బట్టలు తెచ్చినప్పుడు చేతిపని సంఘాలు బహిరంగ లేఖ రాసింది అందుకే: నమూనా తీసుకున్నారు, చేతిని వదిలేశారు.

అయితే చేయి ఏదీ అన్న ప్రశ్న బందరు బజారులోనూ వేయాలి. స్క్రీన్‌తో రసాయన రంగు గుద్దిన దుప్పటిని కలంకారీ అని అమ్మేది మనవాళ్లేగా?