చెప్పాను కదా!

అమెరికన్ ఫుట్‌బాల్ నియమాలు మనలో చాలామందికి ఇప్పటికీ అంతుపట్టవు. అయినా ఆ ఆటలో ఒక కోచ్ జీవితం మనందరం ఆలోచించవలసిన ప్రశ్ననొకదాన్ని మిగిల్చింది.

జో పటర్నో 1950లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సహాయ కోచ్‌గా చేరి, 1966 నుంచి 2011 దాకా ప్రధాన కోచ్‌గా ఉన్నారు. 409 విజయాలు సాధించారు. ఆయన ఆంగ్ల సాహిత్యం చదువుకున్న మనిషి. ఆటగాళ్ళు డిగ్రీ పూర్తి చేయాలని పట్టుబట్టేవారు. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి సొంత డబ్బు ఇచ్చారు.

2001లో ఒక యువ సహాయకుడు ఆయన దగ్గరకు వచ్చి, అంతకు ముందే పదవి విరమించిన సహాయ కోచ్ జెర్రీ శాండస్కీ షవర్ల గదిలో ఒక బాలుడితో అసభ్యంగా ప్రవర్తించడం చూశానన్నాడు. పటర్నో ఆ మాట పై అధికారికి చేరవేశారు. పోలీసులకు ఎవరూ చెప్పలేదు. శాండస్కీని 2011 నవంబరులో గాని అరెస్టు చేయలేదు. ఆ నెలలోనే పటర్నోను తొలగించారు. 2012 జనవరిలో ఆయన ఊపిరితిత్తుల కాన్సర్‌తో మరణించారు. ఆ జూన్‌లో జ్యూరీ 45 అభియోగాల్లో శాండస్కీని దోషిగా తేల్చింది. జూలైలో పటర్నో విగ్రహాన్ని తీసేశారు. ఆయన విజయాల్లో 111 కొట్టేసి, 2015లో మళ్ళీ చేర్చారు.

విజయాలను కొట్టేయవచ్చు, చేర్చవచ్చు. ఆ పిల్లల పదేళ్ళ మాటేమిటి?

పటర్నో మీద ఏ కేసూ పెట్టలేదు. అప్పటి పెన్సిల్వేనియా చట్టం ప్రకారం సంస్థలో పనిచేసేవారు పై అధికారికి చెబితే సరిపోయేది. స్వయంగా ప్రభుత్వానికే తెలియజేయాలని 2014లో చట్టం మార్చారు. చట్టం సరే, ధర్మం మాటేమిటి?

మా వైద్య వృత్తిలో ఇది రోజూ ఎదురయ్యేదే. రక్తపరీక్షలో ప్రమాదకరమైన ఫలితం వస్తే, ఆ కాగితం మరో డాక్టరుకు పంపినంత మాత్రాన రోగికి వైద్యం అందినట్లు కాదు. అందిందో లేదో కనుక్కోవాలి.

దర్యాప్తు చేయడం కోచ్ పని కాదంటారు కొందరు. నిజమే. కానీ 2004లో విశ్వవిద్యాలయ అధ్యక్షుడే ఇంటికి వచ్చి పదవి విరమించమంటే ఒప్పుకోని మనిషి ఆయన. అటువంటి వారికి పై అధికారి కాగితం మీదే పై అధికారి. గౌరవం ఎంత పెద్దదో బాధ్యతా అంత పెద్దది. తాను ఇంకా చేసి ఉండవలసిందని చివరికి ఆయనే అన్నారు.

పరాయి దేశంలో ఉన్న మనకు “మనకెందుకు” అనుకోవడం మరీ సులభం. పైవారికి చెప్పేసి చేతులు కడుక్కోవడం దానికంటే సులభం, ఎందుకంటే అది కర్తవ్యంలాగే కనిపిస్తుంది. వారం తర్వాత ఫోన్ చేసి “ఆ సంగతి ఏమైంది?” అని అడిగితేనే మన పని పూర్తయినట్లు.