కీ ఇచ్చే చెయ్యి

దాచుకోవడం ప్రేమా, వాడుకోవడం ప్రేమా? మన ఆడవాళ్ళకి ఈ ప్రశ్న కొత్తదేం కాదు. పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంటే నలిగిపోతుందని పెట్టెలో పెడతాం. ఏళ్ళు గడిచాక తీసి చూస్తే మడతల దగ్గర పిగిలిపోయి ఉంటుంది. కట్టిన చీర కన్నా కట్టని చీరే ముందు పోయిందన్నమాట!

పాత చేతిగడియారాల సంగతీ అంతే. మా గణపవరం వైపు ఒకప్పుడు అల్లుడికి సైకిలూ, రేడియో, వాచీ పెట్టడం ఒక ముచ్చట. 1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజన్ కంపెనీ సాయంతో వాచీలు మొదలుపెట్టాక, స్విస్ వాచీ కొనలేని ఇళ్ళలోకి కూడా ‘జనతా’ వచ్చింది. ఆడవాళ్ళ చేతికి ‘సుజాత’ వచ్చింది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ వాచీల కంపెనీని మూసెయ్యడానికి నిర్ణయించింది.

ఇప్పుడు అలాంటి వాచీ తండ్రి పోయిన ఇంట్లో బీరువాలో ఉంటుంది. అది కొడుక్కి చెందాలంటారు. ఆయనేమో అమెరికాలో! ఆయన చేతికి గుండెచప్పుడు కూడా లెక్కపెట్టే యంత్రం ఉంది. “నేను పెట్టుకుంటానమ్మా” అని కూతురంటే, “మగాళ్ళ వాచీ నీకెందుకే, జ్ఞాపకంగా ఉండనీ” అంటారు.

ఉంటుందా, అని! ‘జనతా’ లోపల బాలెన్సు చక్రం సెకనుకి 5 సార్లు, అంటే రోజుకి 4,32,000 సార్లు కొట్టుకుంటుంది. ఇరుసులు అరిగిపోకుండా 17 రాళ్ళు, కాస్త నూనె. వాచీ నడవకపోయినా ఆ నూనె జిగురవుతుంది, ఆరిపోతుంది. పైగా మనది కొల్లేటి గాలి. మూత దగ్గర రబ్బరు రింగు పాతబడిందంటే చెమ్మ లోపలికి చేరి ఉక్కుకి తుప్పు పట్టిస్తుంది. బీరువా దొంగల్ని ఆపుతుంది గాని, కాలాన్ని ఆపదు కదా!

“విడిభాగాలు దొరకవు, పెట్టుకుంటే పాడైపోదూ?” అని మీరడగచ్చు. నిజమే. కింద పడితే సన్నని ఇరుసు పుటుక్కుమంటుంది. అందుకే వాడుకోవడం అంటే వాడిపారెయ్యడం కాదు. ముందుగా తెలిసినవాడి చేత విప్పించి, కడిగించి, నూనె వేయించాలి. బియ్యం కడిగేటప్పుడూ, అంట్లు తోమేటప్పుడూ తీసి పక్కన పెట్టాలి. పసుపెక్కిన డయలుకి కొత్త రంగు వేయిస్తే మెరుస్తుంది గాని, నాన్న చూసిన ముఖం మాత్రం పోతుంది. రోజూ ఒకే వేళకి కీ ఇవ్వాలి. అదీ బిగిసే దాకానే.

బ్యాటరీ వాచీకి మనం గుర్తున్నా లేకపోయినా ఒకటే. ఇది మాత్రం మనం మరిచిపోతే మర్నాటికల్లా ఆగిపోతుంది. జ్ఞాపకం అన్నమాటకి ఇంతకన్నా అర్థం ఏముంది? ఇంత శ్రద్ధ ఎవరు పడతారో వారిదే ఆ వాచీ అంటాను. కొడుకు పడితే కొడుకుది, కూతురు పడితే కూతురుది. స్ప్రింగుకి ఆ తేడా తెలీదు.

బీరువా తాళాలు మీ దగ్గరే కదా, ఏమంటారు?